నేను నీళ్ళు పోయని మూల

వాన మొదలైతే మా వాడకట్టులో ఆడవాళ్ళు ఆరేసిన బట్టల కోసం పరుగెత్తుతారు. నేను లారీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. మా ఇల్లు లక్డారంలో. స్లాబు వేసిన ఇల్లు, చుక్క కురవదు. కురిసేది ఇంటి ముందు నిలబెట్టే మా లారీ క్యాబిన్. "మీ ఆయన లారీల గొడుగు పట్టుకొని పండుకుంటడట గదా" అని పక్కింటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. నవ్వకపోతే నా దొంగతనం ఎక్కడ బయటపడుతుందోనని భయం. ఆ దొంగతనం సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆయన డ్రైవర్. లారీ మా సొంతం. మా చేతికి వచ్చేసరికే అది ముగ్గురిని చూసిన బండి. ఇంజను గట్టిదే, క్యాబిన్ మాత్రం ముసలిది. ఇప్పటి బండ్లలాగా కంపెనీలో అచ్చుపోసినట్టు వచ్చింది కాదు. వడ్రంగులు చెక్క చట్రం కట్టి, పైన రేకు కొట్టి, లోపల ఎర్ర రెక్సిన్ తాపడం చేసిన చిన్న గది. డ్రైవర్ సీటు వెనక ఒక బల్ల, దాని మీద సన్నటి పరుపు. నెలలో ఇరవై అయిదు రోజులు ఆయన పడుకునేది ఆ పరుపు మీదే. మిగిలిన నాలుగైదు రోజులు నావి. ఈ పంపకం నాకు పెళ్ళయిన నాటి నుంచీ నచ్చలేదు.

గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు ఎత్తుకుంటే నాగపూర్ దాకా ఒకసారి, వైజాగ్ దాకా ఒకసారి. పటాన్‌చెరులో ఇనుప సామాను ఎత్తితే ఇంకా దూరం. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. నేను అంగన్‌వాడీలో ఊళ్ళో పిల్లలందరినీ ఆడించి, మధ్యాహ్నం ఇంటికొచ్చి తాళం తీస్తే లోపల ఎవరూ ఉండరు. ఇంకొక్క రోజు ఉండి పొమ్మని ఆయన్ని అడగాలని ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. ఒక్కసారి కూడా అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, మా అత్తమ్మ. మా మామ కూడా డ్రైవరే. డ్రైవర్ ఇంట్లో "ఆగు" అనే మాట నోటి నుంచి రాకూడదని ఆమె చట్టం. అన్నం వడ్డిస్తుంటే "చాలు" అనాలి, "ఆగు" అనకూడదు. పిల్లలు పరుగెత్తితే "ఉరుకకుర్రి" అనాలి. బండి ఎప్పుడొస్తుందని అడగకూడదు, ఉండమని అసలే అనకూడదు. బయల్దేరేటప్పుడు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చెంబెడు నీళ్ళు వారబోసి, "పోయి రా" అనాలి. అంతే.

కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను ఆ చట్టం తప్పాను. ఆయన బండి తీశాక చూస్తే అన్నం డబ్బా గడప మీదే ఉంది. డబ్బా పట్టుకుని "ఆగు, ఆగు" అని రోడ్డు మీద పడి అరిచాను. ఆయన ఆగి డబ్బా తీసుకున్నాడు. ఆ ట్రిప్పులోనే దారి మధ్యలో వెనక చక్రాల మీది కమాను పట్టీలు విరిగి బండి రెండు రోజులు రోడ్డు పక్కన పడింది. మా అత్తమ్మ నన్ను తిట్టలేదు. ఇంటికి ఎవరొచ్చినా సరే, "మా కోడలు నోరు మంచిది, అన్నదంటే ఐతది" అని చెప్పేది. ఏడాదిపాటు చెప్పింది. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి నేను నోరు కుట్టుకున్నాను, ఆమె పోయాక కూడా.

అట్లాంటి నాకు వాన దారి చూపించింది. ఒక ఆషాఢంలో ఆయన తడిసిన దిండు చంకలో పెట్టుకుని బండి దిగాడు.

"క్యాబిన్ల నీళ్ళు కారుతున్నయే. ఎక్కడికెళ్ళి వస్తున్నయో సూడాలె. నేను లోపల కూసుంట, నువ్వు పైకెళ్ళి నీళ్ళు పొయ్యి."

పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టాం. సాయంత్రమైంది.

తెలియనివాళ్ళు పైనుంచి రెండు బిందెలు గుమ్మరించి ఎక్కడ కారుతుందో చూస్తారు. అట్లా చేస్తే అంతా తడుస్తుంది, ఏమీ తెలియదు. ఆయన పద్ధతి వేరు. కింది నుంచి పైకి రావాలి. ముందు తలుపు కింది అంచు మీద పోయాలి, ఆగాలి. తర్వాత తలుపు అద్దం, ఆ తర్వాత ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు, చివర్న పై రేకు. ఒక్కో చోట చెంబుతో సన్నగా ధార పోసి, చాయ తాగేంతసేపు ఎదురుచూడాలి. ఆయన లోపల టార్చి పట్టుకుని చెక్కల మీద వెలుగు వేస్తూ కూర్చుంటాడు. నేను బయట నిచ్చెన మీద. మా మధ్య ఒక అద్దం.

"వచ్చిందా?"

"రాలే. ఇంకింత పొయ్యి."

"ఇప్పుడు?"

"వచ్చె, వచ్చె! గీడనే, గీ రబ్బరు కాడ!"

వచ్చిందంటే ఇక పని నిలిచిపోయినట్టే. ఆ చోటు ఎండాలి, గుడ్డతో అద్ది, ఆరనిచ్చి, డాంబర్ పూయాలి. అదీ ఆరాక మళ్ళీ పోసి చూడాలి. అంతదాకా తర్వాతి చోటికి పోకూడదు. మబ్బు రోజుల్లో చెక్క ఎప్పుడు ఎండేను! ఆయన అరుగు మీద కూర్చుని వేడి వేడి అన్నం తినేవాడు. మామూలుగా పది మాటలు మాట్లాడని మనిషి, ఆ ఆరబెట్టే గంటల్లో నాగపూర్ దారిలో ఎక్కడ ఏ హోటల్ మూసేశారో, ఏ ఘాట్‌లో ఏ మలుపు భయపెడుతుందో, అన్నీ చెప్పేవాడు. నేను ఊళ్ళో సంగతులు చెప్పేదాన్ని. దూరంగా ఉన్న భార్యాభర్తలు ఫోన్లో మాట్లాడుకుంటారంటారు గానీ, ఫోన్లో మేం మాట్లాడుకునేది "తిన్నవా" అంటే "తిన్న" అనడం వరకే. అసలు మాటలన్నీ ఆ తడి రోజుల్లోనే మాట్లాడుకున్నాం. నాకు అంతకు మించిన పండుగ లేదు.

నీళ్ళు భలే అబద్ధాలకోరు. ఒక చోట లోపలికి దూరి, చెక్క పట్టీ వెంట మెల్లగా పాకి, ఎక్కడో మూరల దూరంలో చుక్కగా రాలుతాయి. చుక్క పడిన చోట వెతికితే ఏమీ దొరకదు. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. పొడి ముగ్గుపిండి చెక్క పట్టీల మీద సన్నగా అద్దితే, నీరు నడిచిన దారి చార కట్టి కనబడుతుంది. మొదటిసారి చేసి చూపిస్తే ఆయన టార్చి ఆర్పి నా వైపు చూశాడు.

"నీకు అంగన్‌వాడీల కాదే, లారీ బాడీలు కట్టే షెడ్డుల ఇయ్యాలె నౌకరి."

ఆ మాటకు నెల రోజులు పొంగిపోయాను.

రెండు మూడేళ్ళలో కారే సందులు ఒక్కొక్కటే దొరికాయి, ఒక్కొక్కటే మూసుకున్నాయి. ముందు అద్దం రబ్బరు మార్చాడు. తలుపు పైన రివిట్లు బిగించాడు. లైట్ల తీగ దూరిన సందు మూశాడు. మిగిలింది ఒక్కటే, బల్ల మీద కాళ్ళ వైపు పడే చుక్క. అది మాత్రం ఎంతకీ దొరకలేదు.

ఒక శ్రావణ మాసం మధ్యాహ్నం ఆయన ఇంట్లో పడుకుని ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే లోడింగు. నేను దుప్పట్లు ఉతకడానికి తీసుకుందామని క్యాబిన్ ఎక్కాను. ఎక్కీ ఎక్కగానే వాన దంచింది. కిందికి దిగలేక, ఊరికే కూర్చోలేక, సీటు కింద ఉన్న ముగ్గుపిండి తీసి పట్టీల మీద అద్దాను. చార నెమ్మదిగా కట్టింది. బల్ల మీది నుంచి వెనక్కి, వెనక్కి పోయి ఎడమ వైపు మూలకు చేరింది. అక్కడ రెక్సిన్ ఊడి వేలాడుతోంది. వేలు పెట్టి చూశాను. నీళ్ళు మోచేతి దాకా జారాయి.

అది జెండా మూల. ప్రతి దసరాకు బండిని ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళి పూజ చేయిస్తాం. అక్కడే క్యాబిన్ మీద ఎడమ మూలన ఎర్ర జెండా కడతాం. దాని ఇనుప పట్టీకి ఒక బోల్టు, ఆ బోల్టు కోసం రేకులో ఒక రంధ్రం. గాలికి జెండా ఊగీ ఊగీ ఆ రంధ్రం పెద్దదైంది. మళ్ళీ దసరా వచ్చేదాకా ఆ జెండాను ముట్టకూడదు, దాని దగ్గర కాలు పెట్టకూడదు. అందుకే ఆయనకు ఆ మూల వెతకాలని ఏనాడూ తోచలేదు. అమ్మవారి దగ్గర తప్పేం ఉంటుంది?

వాన వెలిసింది. లేపి చెబితే పది నిమిషాల పని. డాంబర్ డబ్బా సీటు కిందే ఉంది. చెబుదామనే దిగాను, దేవుడి మీద ఒట్టు. గడప దాకా వచ్చాను. ఆయన బోర్లా పడుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి నిద్రపోతున్నాడు. మర్నాడు ఆ చోటు ఖాళీగా ఉంటుందని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి, ముగ్గుపిండిని కొంగుతో శుభ్రంగా తుడిచేశాను.

లేచాక అడిగాడు.

"వాన కొట్టినట్టుందే. ఏమన్న ఎరుకైందా?"

"లేదు. కారుడు మాత్రం కారింది."

ఆయన తల గోక్కున్నాడు. ఫోన్ చేసి లోడింగు ఒకరోజు వెనక్కి జరిపించుకున్నాడు. మర్నాడంతా ఇంట్లో ఉన్నాడు. నేను చెంబుతో క్యాబిన్ అంతా నీళ్ళు పోశాను, ఆ ఒక్క మూల తప్ప. "ఆ దిక్కు గూడ పొయ్యరాదె" అని లోపలి నుంచి అన్నాడు. "జెండా ఉన్నది, అమ్మవారి మీద పొయ్యమంటవా?" అన్నాను. "అవ్, వద్దు వద్దు" అని ఆయనే చెంపలు వేసుకున్నాడు. అమ్మవారిని కూడా నా అబద్ధంలోకి లాగాను.

అట్లా మూడు వానాకాలాలు గడిచాయి. ఆయన వచ్చినప్పుడల్లా ఒకరోజు వెతుకులాట, అంటే ఒకరోజు ఎక్కువ నాకు. నా మనసు ఊరుకోలేదనుకోండి. పరుపు కింద ప్లాస్టిక్ కవరు కుట్టాను. కాళ్ళ వైపు ఒక డబ్బా వేలాడదీశాను. చుక్క పడేది కాళ్ళ వైపే కదా, తల వైపు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీళ్ళు ఒకే దారిలో నడవవని ముగ్గుపిండితో కనిపెట్టిన నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

చెక్క పుచ్చింది. నీళ్ళు దారి మార్చుకున్నాయి. ఆ మూడో ఏడు భాద్రపదంలో మూడు రోజులు ముసురు పట్టి, ఘాట్‌లో బండ్లన్నీ నిలిచిపోయాయి. ఆయన తడిసిన పరుపు మీద, తడిసిన దిండు మీదే మూడు రోజులు పడుకున్నాడు. నాలుగో రోజు ఇంకో డ్రైవరు మా బండి నడుపుకుంటూ వచ్చాడు. మా ఆయన పక్క సీటులో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. తనంతట తను దిగలేకపోయాడు. చెయ్యి పట్టుకుంటే కాలింది. సంగారెడ్డి తీసుకెళ్తే ఛాతీలో నెమ్ము చేరిందన్నారు.

ఆసుపత్రిలో మంచం పక్కన మూడు రోజులు కూర్చున్నాను. ఆయన దగ్గుతుంటే నా పక్కటెముకలు కదిలేవి. ఈ మనిషిని ఒక్కరోజు దగ్గర ఉంచుకోవాలనుకుని అసలుకే లేకుండా చేసుకోబోయాను. నాలుగో రోజు లేచి కూర్చుని చాయ తాగుతుంటే ఇక దాచలేకపోయాను.

"నీళ్ళు ఎక్కడికెళ్ళి వస్తున్నయో నాకెరుక" అన్నాను.

"ఎక్కడికెళ్ళి?"

"జెండా బోల్టు కాడికెళ్ళి."

"ఎప్పటిసంది ఎరుక?"

"మూడేండ్లాయె."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే జల్దీ పోతవని."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను. కాసేపటికి గోడ వైపు నుంచే అడిగాడు.

"ఉండుమని అనుంటే ఉండకపోదునా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మీ అమ్మ అననిచ్చిందా? డ్రైవర్ ఇంట్ల గా మాట అనొద్దని నోరు కట్టేసిందా లేదా?" అన్నాను. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

"బండి మీద ఎక్కినంక అనొద్దన్నది. అన్నం తినేటప్పుడు అనొద్దన్నదా?"

అని నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. నేను వీపు రాస్తూ ఏడ్చాను. నిజమే, అన్నం తినేటప్పుడు అనొచ్చు. మంచం మీద కూర్చున్నప్పుడు అనొచ్చు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఆ సంగతి తట్టలేదు. అబద్ధం చెప్పడం మాత్రం తట్టింది.

ఇంటికి వచ్చాక ఆయన చేసిన మొదటి పని నిచ్చెన వేసుకుని పైకెక్కడం. చేతులు జోడించి అమ్మవారికి ఏదో చెప్పుకున్నాడు. జెండా విప్పి నా చేతికిచ్చి, బోల్టు తీసి, ఆ రంధ్రం మూసేశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. లోపల కూర్చుని చూడమని నన్ను పిలవలేదు. అవసరమూ లేదు. తర్వాత వానకు క్యాబిన్ పొడిగా ఉంది. నేను ఒక్కదాన్నే లోపల కూర్చుని ఆ పొడి చెక్కను చూశాను.

ఆ తర్వాత ఏడాదికి బండికి వయసైపోయిందని రోడ్డెక్కడానికి కావాల్సిన ఫిట్‌నెస్ కాగితం ఇవ్వలేదు. తుక్కు కింద అమ్మేశాం. ఆయన ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో డ్రైవర్‌గా చేరాడు. కొత్త బండి, అంతా కంపెనీలో తయారైన క్యాబిన్, చల్లటి గాలి వేసే మిషను, మెత్తటి పరుపు. ఎంత వాన కొట్టినా చుక్క రాదు. బండి మా ఊరికి రానే రాదు, పటాన్‌చెరు అవతల యార్డులో ఉంటుంది. ఒక ట్రిప్పు దించితే ఇంకో ట్రిప్పు ఎక్కించి ఉంటుంది. రెండు నెలలకొకసారి బస్సులో ఇంటికి వచ్చి, ఒక పూట ఉండి పోతాడు.

ఇప్పుడు నేను నోరు తెరిచి అడుగుతున్నాను. అన్నం తినేటప్పుడు అడుగుతాను, ఫోన్లో అడుగుతాను. "ఒక్క దినం ఉండు" అంటాను. "నా చేతుల లేదే" అంటాడు. బండిలో ఏదో డబ్బా పెట్టారట. బండి ఎక్కడుందో, ఎంతసేపు నిలబడిందో ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు కనబడుతుందట. పది నిమిషాలు మించి నిలబడితే ఫోన్ వస్తుంది. అడగడం వచ్చేసరికి, ఆయనకు ఆగే వీలు లేకుండా పోయింది. దీనికి ఎవరిని తిట్టాలో నాకు తెలియదు, అందుకని అందరినీ తిడతాను.

వాన పడితే ఇప్పటికీ వాకిట్లోకి వస్తాను. లారీ నిలబడిన చోట రెండు చక్రాల గుంటలు ఉన్నాయి, నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళే నా మనిషిని చంపబోయాయి. ఆ సంగతి మరిచిపోలేదు. అయినా ఆ తడి రోజులు మళ్ళీ రావాలని ఉంటుంది. నిచ్చెన మీద నేను, అద్దం లోపల ఆయన, "ఇంకింత పొయ్యి" అనే ఆ గొంతు. ఇది తప్పని తెలుసు. తెలిసినా మనసు అక్కడికే పోతుంది.

పోయిన నెల ఆయన ఫోన్ చేశాడు. ముత్తంగి దగ్గర సర్వీస్ రోడ్డు మీదుగా పోతున్నానని, పది నిమిషాలు బండి పెడతానని. జొన్నరొట్టెలు, బెండకాయ కూర డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కాను. నేను చేరేసరికి వాన పెద్దదైంది. ఆయన చెయ్యి అందించి క్యాబిన్‌లోకి లాగాడు. నేను తడిసి ముద్దయ్యాను, లోపల మాత్రం అంతా పొడి. మునుపటి కంటే సన్నబడ్డాడు. చెవుల దగ్గర వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. ఎదురెదురుగా కూర్చున్నామే గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. ఒక రొట్టె తిన్నాడు. పది నిమిషాలు అయిపోయాయి. నేను కొంగు బిగించుకుని దిగడానికి సిద్ధమయ్యాను. ఉండమని అడగలేదు. అడిగి ఆయన్ని బాధపెట్టడం ఎందుకు?

ఫోన్ మోగింది. ఆఫీసు వాళ్ళు. బండి ఎందుకు నిలబడిందని అడుగుతున్నారు. ఆయన నా వైపు చూశాడు.

"సార్, క్యాబిన్ల నీళ్ళు కారుతున్నయి సార్" అన్నాడు. "అవ్ సార్, కొత్త బండే. అదే సమజైతలేదు. ఎక్కడికెళ్ళి వస్తున్నయో ఎతుకుతున్న. జెర టైమ్ పడుతది సార్."

ఫోన్ పక్కన పెట్టి, డబ్బాలోంచి ఇంకో రొట్టె తీసుకున్నాడు. నేను లేచి నిలబడి, ఆ పొడి కప్పును ఒక మూల నుంచి తడమడం మొదలుపెట్టాను.

"ఈడ రాలే" అన్నాను.

"ఇంకో దిక్కు సూడు" అన్నాడు. "మెల్లగ సూడు, తొందరేం లేదు."